స్వెట్టర్ కింద నలిగిపోతున్న పెడన చీర

ఆదిలాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 41. పుట్టి పెరిగింది మచిలీపట్నం, అమ్మమ్మగారిది పక్కనే ఉన్న పెడన. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే, అరిగిపోయి మూల పడేసిన అద్దకం అచ్చులతో ఆడుకునేవారట. ఆ పువ్వులు, మామిడి పిందెలు, తీగలు ఇప్పటికీ కళ్లు మూసుకుని గీయగలనంటున్నారు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ఉద్యోగం. ప్రమోషన్ మీద ఏడాదిన్నర కిందట ఆదిలాబాద్ వచ్చారు. భర్త విజయవాడలో ఉంటారు, నెలకు రెండుసార్లు వస్తారు. ఇంట్లో అత్తగారు, తొమ్మిదో తరగతి చదివే కూతురు.

సొంత ఊళ్లో ఉన్నన్నాళ్లు రోజూ నేత చీరే. పెడన కలంకారీ, మంగళగిరి, వెంకటగిరి. ఆదివారం గంజి పెట్టి వారానికి సరిపడా ఇస్త్రీ చేసుకునేవారు. పింఛను కోసం బ్యాంకుకొచ్చే పెద్దావిడలు కూడా "ఇవాళ చీర బాగుందమ్మా" అని వెళ్లేవారట. రాత్రి పడుకునే ముందు చిన్న నోటు పుస్తకంలో ఆ రోజు కంటపడిన ఏదో ఒకటి గీసుకునే అలవాటు ఉండేది. ఒక తలుపు గొళ్లెం, ఎవరిదో చీర అంచు, బస్టాండులో పూలమ్మే ఆవిడ కట్టిన మాల ముడి, ఇలాంటివి.

ఆదిలాబాద్‌లో ఇది రెండో చలికాలం. నవంబరు రాగానే అన్నీ ఆగిపోతున్నాయి. ఏ చీర కట్టినా పైన అదే మెరూన్ స్వెట్టర్. "నా చీర నాకే కనబడదు, ఇక కట్టడం ఎందుకనిపిస్తుంది" అని రాశారు. నోటు పుస్తకం అక్టోబరు తర్వాత తెరవలేదు. ఆన్‌లైన్‌లో 14 వేలు పెట్టి కోట్లు, బూట్లు కొన్నారు. ఒక్కటీ నప్పలేదు, వాపసు పంపే గడువు కూడా దాటిపోయింది. భర్త విసుక్కున్నారు. ఆఫీసులో ఒక సీనియర్ "ఇక్కడ ఎవరి కోసం మేడమ్ ఈ తయారు" అన్నారు. అత్తగారు "ఆ పాత చీరలు ఇటు పడేయ్, బొంత కుడతాను" అంటే మనసు చివుక్కుమంది. ఊళ్లో అమ్మ ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి రోజూ ఉదయం ఆరున్నరకల్లా వాకిట్లో వేసిన ముగ్గు ఫొటో తీసి పంపుతున్నారు. ఈమెది మూడో అంతస్తు ఫ్లాటు. గుమ్మం ముందు స్టిక్కర్ ముగ్గు. అమ్మకి జవాబు పెట్టడం మానేశారు.

మొన్న కూతురు ఫోన్‌లో ఫొటోలు తిప్పుతూ "అమ్మా, నెలంతా నువ్వు ఒకేలా ఉన్నావ్" అంది. ఆ మాట విన్న రాత్రే ఉత్తరం రాయడానికి కూర్చున్నారట. ప్రమోషన్ వదులుకుని కోస్తాకి వెళ్లిపోవాలా, ఈ వయసులో సోకులేంటని సర్దుకుపోవాలా అన్నది వారి ప్రశ్న.

సమాధానం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు చివర్లో అడిగినవి రెండే దారులు. వెళ్లిపోవడం, లేదా వదిలేయడం. కానీ ఉత్తరం మొత్తంలో ఉన్నది ఆ రెండే కాదు. ఒంటికి చలి, బీరువాలో చీరలు, ఆగిపోయిన చెయ్యి, ఊరి మీద బెంగ, అన్నీ ఒకే ఉండలా చుట్టుకుపోయి ఉన్నాయి. దానికి మీరు "నేను మారిపోయాను" అని పేరు పెట్టుకున్నారు. మీరు మారలేదు. చీర అంచు గురించి రెండు పేజీలు రాసిన మనిషికి ఆ ఇష్టం చచ్చిపోయిందంటే నేను నమ్మను.

ముందు ఒంటి సంగతి చూద్దాం. మీరు మధ్యలో ఒక వాక్యం రాసి వదిలేశారు. "పాపకి చలి లెక్కే లేదు, అత్తయ్యగారికి కూడా నాకున్నంత లేదు, నాకే వేళ్లు కొంకర్లు పోతాయి, సాయంత్రానికి ఒళ్లంతా బరువు." డెబ్భై దాటిన అత్తగారి కంటే మీకు ఎక్కువ చలి వేస్తోందంటే అది ఊరి వాతావరణం ఒక్కటే కాకపోవచ్చు. నలభై దాటిన ఆడవాళ్లలో థైరాయిడ్ పని మందగించడం, రక్తం తక్కువగా ఉండటం చాలా మామూలు. రెండింటిలోనూ చలి ఎక్కువగా అనిపిస్తుంది, నీరసం ఉంటుంది, దేని మీదా మనసు పోదు. ఒక్క రక్త పరీక్షతో తేలిపోతుంది. కోటు కొనే ముందు ఆ పరీక్ష చేయించుకోండి. పరీక్షలన్నీ బాగున్నా రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి మారిపోయి, ఏదీ చేయాలనిపించకుండా ఉంటే ఆ మాట కూడా డాక్టరుతో దాచకుండా చెప్పండి.

దీనికే తోడైన ఇంకో విషయం వెలుతురు. మీరు ఐదున్నరకి లేచి లైటు వేసుకుని వంట మొదలుపెడతారు. డిసెంబరు చివర్లో మీ ఊళ్లో పొద్దు పొడిచేది ఆరూ నలభై దాటాకే. బ్యాంకు నుంచి బయటపడేసరికి ఏడు. అక్కడ పొద్దు కూకేది ఆరు లోపే. అంటే పనిరోజుల్లో మీరు ఎండ చూసేది బండి మీద వెళ్లే పావుగంటే. ఎనిమిదింటికి బాల్కనీలోకి ఎండ వస్తుందని, అత్తయ్యగారు అక్కడే కుర్చీ వేసుకుంటారని మీరే రాశారు. ఆ పక్కన మీకూ ఒక పీట వేసుకోండి. మధ్యాహ్నం భోజనమయ్యాక పది నిమిషాలు బ్యాంకు బయట నడవండి. రంగులు చూడాలంటే ముందు వెలుతురు ఉండాలి కదా. నాకు ఇది చీరల కంటే ముఖ్యమైన విషయం అనిపిస్తోంది.

ఇక చీరలు. మీరు బందరులో, అదే మచిలీపట్నంలో, నేర్చుకున్న తయారు అంతా ఉక్కపోతకి పుట్టిన తయారు. అక్కడ సముద్రం పక్కనే ఉండటంతో జనవరిలో కూడా రాత్రి వేడి 19, 20 దగ్గర ఆగిపోతుంది. ఆదిలాబాద్‌కి సముద్రం చాలా దూరం. గాలి పొడి, ఆకాశం తేట. పగలు ఎక్కిన వేడి రాత్రికి నిలవదు. కొన్ని ఉదయాలు 6, 7 డిగ్రీలకు పడిపోయి, అదే రోజు మధ్యాహ్నానికి 27 దాకా వెళ్లే ఊరది. అందుకే మీరు కొన్న మందపాటి కోటు నప్పలేదు. మంచు కురిసే దేశాల వాళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా వేసుకోవడానికి కుట్టింది అది. మీకు తొమ్మిదింటికి వెచ్చగా ఉండాలి, పన్నెండింటికి విప్పి కుర్చీకి తగిలించేలా ఉండాలి. ఒకే బరువైన బట్ట వద్దు. మూడు పలచటివి కావాలి.

గంజి దగ్గర మొదలుపెట్టండి. మన వైపు చీరకి గంజి పెట్టేది అందానికొక్కటే కాదు. గంజి చీర ఒంటికి అంటుకోదు, మధ్యలో గాలి ఆడుతుంది. బందరులో అదే హాయి. ఆదిలాబాద్‌లో డిసెంబరు ఉదయం బండి ఎక్కితే అదే చీర చల్లగాలిని లోపలికి లాగి కూర్చోబెడుతుంది. ఫిబ్రవరి దాకా గంజి మానేయండి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత మంగళగిరి చీరలు ఒంటిని పట్టి ఉంటాయి, వాటికి ఇది మంచి కాలం. వెంకటగిరి మాత్రం వేసవి దాకా బీరువాలోనే ఉండనివ్వండి, అంత పలచటి నేతని చలిలో కట్టి వణకడం ఎందుకు?

లోపలివి కూడా ఓసారి చూసుకోండి. లంగా కింద ఉన్ని లెగ్గింగ్ వేసుకుంటే బండి మీద సగం చలి పోతుంది. రవిక బదులు మెడ దాకా, మణికట్టు దాకా ఉండే అల్లిక టాప్ ఒకటి, నలుపో ఇటుక రంగో, ఒంటికి బిగువుగా ఉండేది వేసుకుని దాని మీద చీర కట్టి చూడండి. పైట పైనే ఉంటుంది, చీర మొత్తం కనబడుతుంది, స్వెట్టర్ అవసరం చాలా రోజులు పడదు. కలంకారీ రంగులకి ఇటుక ఎరుపు, నీలిమందు నీలం, ఆవపిండి పసుపు బాగా పడతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. బొటనవేలు విడిగా ఉండే మేజోళ్లు దొరుకుతాయి, చెప్పుల్లో పడతాయి. ఆ బూట్లని ఇంకెవరికైనా ఇచ్చేయండి.

ఇప్పుడు మీరు బాధపడుతున్న అసలు విషయానికి వస్తాను. "నా చీర నాకే కనబడదు" అన్నారు. నిజమే, చలిలో మనిషిలో మొదట కనబడేది పైన కప్పుకున్నదే. కోస్తాలో పైనున్నది చీర. మీ శ్రద్ధ, ఎంపిక, డబ్బు అన్నీ దాని మీదే పెట్టారు. ఇక్కడికొచ్చాక పైకొచ్చింది స్వెట్టర్. దాని మీద మీరు ఒక్క నిమిషం ఆలోచన పెట్టలేదు, రోడ్డు పక్క గుడారంలో చేతికందింది కొన్నానని మీరే రాశారు. కోట్లు కొనేటప్పుడు కూడా "వెచ్చగా ఉంటే చాలు" అనుకున్నారు. చీర కొనేటప్పుడు ఏనాడైనా "కప్పుకుంటే చాలు" అనుకున్నారా? ఆ చూపునే పైబట్ట మీదికి తిప్పండి.

దానికి మీ అమ్మమ్మగారి ఊరే దారి చూపిస్తుంది. పెడన గుడ్డకి చలి కొత్త కాదు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో వర్తకానికి దిగారు. ఆ తీరంలో తయారైన కలంకారీ చీటిగుడ్డ ఓడలెక్కి ఎముకలు కొరికే చలి దేశాలకు వెళ్లింది. అక్కడి వాళ్లు వాటిని పక్కదుప్పట్లుగా పరుచుకున్నారు, పొడవాటి అంగీలుగా కుట్టించుకుని ఇంట్లో తొడుక్కున్నారు. లోపల దూది పెట్టి కుట్టినవీ ఉన్నాయి. జనం ఎంతగా ఎగబడ్డారంటే, తమ నేతగాళ్ల పని పోతోందని ఫ్రాన్స్ 1686లో ఆ గుడ్డ మీద నిషేధం పెట్టింది. ఇంగ్లండ్ 1721లో అలాంటి చట్టమే చేసింది. అప్పటివి చాలావరకు కలంతో గీసినవి, మీరు ఆడుకున్న అచ్చులతో అద్దినవి కావు. అయినా ఆ పువ్వులకి ఈ అచ్చులు చుట్టాలే.

మీరు ఉన్నదేమో పత్తి ఊరు. చలికాలమంతా పత్తి బళ్లు మార్కెట్ యార్డుకి వస్తూనే ఉంటాయి. దూది ఏకి రజాయిలు కుట్టేవాళ్లు అక్కడ దొరక్కపోరు. పెడన నుంచి రెండున్నర మీటర్ల అద్దకం గుడ్డ తెప్పించుకుని, లోపలికి మెత్తటి నూలు గుడ్డ, మధ్యలో పలచగా దూది పెట్టించి కోటు కుట్టించుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. గుడ్డని ముందే తడిపి ఆరబెట్టాలి, నూలు కుంచించుకుపోతుంది. రెండు వేళ్ల ఎడంలో నిలువుగా కుట్లు వేయించాలి, లేకపోతే నాలుగు రోజులకే దూది కిందికి జారి ఉండలు కడుతుంది. కాలరు వద్దు, పైట దగ్గర గుచ్చుకుంటుంది. చంక దగ్గర వదులు ఉండాలి, పక్కన చీలిక ఉండాలి, కుచ్చిళ్లు నలగకుండా. పొడవు తుంటి దాకా చాలు. దాన్ని ఊరికే ఉతక్కూడదు, తిరగేసి ఎండలో వేస్తే చాలు. కొనేటప్పుడు జాగ్రత్త. ఇప్పుడు కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింట్లు కుప్పలుగా వస్తున్నాయి. అచ్చుకీ అచ్చుకీ మధ్య కాస్త అతుకు ఎడం కనబడుతుందా అని చూసే కన్ను మీకుంది. ఆ చిన్న తేడా ఉన్నదే తీసుకోండి.

అలా కుట్టిస్తే లాభనష్టాలు రెండూ ఉన్నాయి. గుడ్డ, కుట్టుకూలి కలిపినా మీరు పోగొట్టుకున్న 14 వేలలో కొద్ది భాగమే అవుతుంది. కానీ పూల కోటు వేసుకుంటే కింద సాదా చీరలే కట్టాలి. కలంకారీ మీద కలంకారీ కళ్లకి గజిబిజి. అంటే మీ పూల చీరలు పైటతో కనబడేలా అల్లిక టాప్ మీద కొన్ని రోజులు, సాదా చీరలు కోటుతో కొన్ని రోజులు కట్టుకోవాల్సి వస్తుంది. అందరి కళ్లూ మీద పడతాయి కూడా. అది ఇష్టం లేకపోతే ఒక మంచి ఉన్ని శాలువా తీసుకోండి. నిలువుగా నాలుగు మడతలు పెట్టి ఎడమ భుజం మీద పిన్ను పెట్టుకుంటే పైట అందం పోదు. అయితే బండి నడిపేటప్పుడు శాలువా పనికిరాదు. చక్రంలో చిక్కుకుంటే ప్రమాదం. ఆఫీసుకెళ్లాకే కప్పుకోవాలి.

ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక దారే, దాన్ని తక్కువ చేసి చెప్పను. ఈ నాలుగు నెలలూ ఒకే స్వెట్టర్, రెండు సల్వార్ సెట్లు అని మీరే తేల్చుకుంటే ఉదయాలు తేలికవుతాయి, బీరువా ముందు నిలబడి దిగులుపడటం ఉండదు. కొందరికి ఆ పద్ధతి చాలా హాయి. మీ ఉత్తరం చదివాక మీరు ఆ కొందరిలో ఒకరని మాత్రం నాకనిపించలేదు. అయినా ఈ సంవత్సరానికి ఓపిక లేదనుకుంటే అలాగే చేయండి. అది మీరు కావాలని చేసుకున్న ఏర్పాటు అవుతుంది. ఓడిపోవడం కాదు.

"ఎవరి కోసం" అన్న సీనియర్ మాట మిమ్మల్ని ఎంత గుచ్చిందో, దాన్ని ఉత్తరంలో మూడుసార్లు రాయడంతోనే తెలుస్తోంది. ఆయనకి జవాబు చెప్పాల్సిన పని లేదు. చెప్పాలనిపిస్తే "నాకిష్టం సార్" అని నవ్వేసి పని చూసుకోండి. కొత్త కోటు వేసుకెళ్లిన వారం ఇంకో రెండు మాటలు పడొచ్చు, తర్వాత వాళ్ల పనుల్లో వాళ్లు పడిపోతారు. మీరు మారకుండా అలాగే ఉంటే ఆ మాటలు ఉండవు, నిజమే. కానీ మీ అమ్మాయి చూస్తోంది. ఆమె "ఒకేలా ఉన్నావ్" అన్నది తప్పు పట్టడానికని నేననుకోను. రోజుకో చీరతో బయల్దేరే అమ్మని చూస్తూ పెరిగిన పిల్ల, ఆ అమ్మ ఏదని అడిగింది. కోటు గుడ్డ ఎంచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. ఇద్దరికీ నచ్చనిది కొనకండి.

మీ వారి విసుగు గురించి ఒక్క మాట. ఆయన విసుక్కున్నది 14 వేలకా, మీరు దిగులుగా ఉండటం చూడలేకా అన్నది ఉత్తరంలో తేలలేదు. డబ్బు లెక్క ముందే చెప్పండి. "ఈ చలికాలానికి ఇంత, అంతకు మించి ఆన్‌లైన్‌లో కొనను" అని మీరే గీత గీసుకుంటే సగం గొడవ ఉండదు.

ఇక నోటు పుస్తకం. రాత్రి పడుకునే ముందు గీసేదాన్ని అన్నారు. బందరులో రాత్రి తొమ్మిదికి చేతులు వెచ్చగా ఉంటాయి. ఆదిలాబాద్‌లో ఆ వేళకి మీ వేళ్లు కొంకర్లు, మనసు రజాయి మీద. ఆగిపోయింది అలవాటు పెట్టుకున్న వేళ మాత్రమే. దాన్ని ఉదయం ఎనిమిది గంటల ఎండలోకి మార్చండి. పది నిమిషాలు. వేడి కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, వేళ్లు కదిలాక ఒక్క గీత. ఆ పది నిమిషాలు రావాలంటే చీర, టాప్ రాత్రే తీసి పెట్టుకోవాలి, పాప బాక్సులో కూర ఒకటి తగ్గాలి. తగ్గనివ్వండి.

గీయడానికి ఏముంది ఇక్కడ అని కూడా అడిగారు. ఇక్కడ ఉన్నది మీ కంటికి ఇంకా పడలేదు, అంతే. జైనూర్ మండలం ఉషేగావ్‌లో ఓజులనే పనివాళ్లు ఇత్తడి బొమ్మలు పోత పోస్తారు. మట్టి బొమ్మ మీద మైనాన్ని సన్నటి దారంలా లాగి, పక్కపక్కన చుడుతూ అలంకారమంతా దాంతోనే చేస్తారు. పైన మళ్లీ మట్టి కప్పి కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తే ఆ గీతలన్నీ లోహంలో నిలుస్తాయి. ఆ మైనపు దారం వంపు తిరగడం చూస్తే మీకు మెలిక ముగ్గు గుర్తుకొస్తుంది. నిర్మల్ ఎలాగూ దారిలోనే, పొనికి చెక్క బొమ్మలు చేసే వీధిలో ఒక ఆదివారం గడపండి. పుష్య అమావాస్యకి కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. గోండుల్లో మెస్రం వంశపు కొత్త కోడళ్లు తెల్లచీరల్లో వచ్చి దేవుడికి పరిచయమవుతారు. అది వాళ్ల పూజ. ఫోన్ ఎత్తి ఫొటోలు తీయడానికి వెళ్లకండి, చూడటానికి వెళ్లండి. అంత చలి రాత్రి తెల్లచీరల వరుస ఎలా ఉంటుందో ఇంటికొచ్చాక గుర్తున్నంత గీసుకోండి.

అత్తయ్యగారి బొంత మాట మీకు "నీ చీరల పని అయిపోయింది" అన్నట్టు వినబడింది. నాకు వేరేలా వినబడింది. బందరు వదిలి, కొడుక్కి దూరంగా, తెలిసినవాళ్లు లేని ఊరికి, మీ కోసం, మనవరాలి కోసం వచ్చిన పెద్దావిడ ఆమె. పగలంతా మూడో అంతస్తులో ఒక్కరే కూర్చుంటున్నారు. "బొంత కుడతాను" అనడం, నాకూ ఒక పని ఇవ్వమ్మా అని అడగడం కూడా కావచ్చు. అడిగి చూడండి. ఇష్టమైన చీరలు ఇవ్వక్కర్లేదు. అంచులు చిరిగినవి, మడతల దగ్గర పొరలు విడిపోతున్నవి ఎలాగూ ఉంటాయి. ఏది లోపలికి, ఏది పైకి అన్నది మీరు ఎంచండి. పైపొరకి కలంకారీ, అంచుకి మంగళగిరి నిజాం బార్డరు. కుట్టు ఆవిడది, కూర్పు మీది. సెలవు రోజుల్లో మీరూ ఒక వరుస కుట్టండి. పెద్ద సూది, దొడ్డు దారం, ఒకే కొలతలో పడే పొడుగు కుట్టు. కుట్టే కొద్దీ ఒడిలో ఉన్నంత మేర కాళ్లకి వెచ్చగా ఉంటుంది. చలికాలపు చేతిపనికి ఇంతకంటే అనువైనది నాకు తెలియదు. మాట పట్టింపుతో ఇవ్వకపోతే మీ చీరలు మీ దగ్గరే ఉంటాయి, ఆవిడ మళ్లీ అడగరు. అది కూడా ఆలోచించుకోండి.

ప్రమోషన్ వదులుకోవడం మీద నా మాట ఒక్కటే. డిసెంబరులో ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. వెనక్కి వెళ్తే అమ్మ, భర్త, సముద్రం అన్నీ దగ్గరవుతాయి, అవి చిన్న విషయాలేం కావు. కానీ జీతం, సీనియారిటీ, మళ్లీ ప్రమోషన్ అవకాశం ఏమవుతాయన్నది మీ బ్యాంకు నిబంధనలను బట్టి ఉంటుంది. ఆఫీసులో ఎవరో అన్న మాటల మీద కాకుండా హెచ్ఆర్ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. పాప పదో తరగతికి రాబోతోంది, బడి మారిస్తే ఆమెకెలా ఉంటుందో కూడా అడగాలి. రిక్వెస్ట్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకునే వీలుంటే ప్రమోషన్ పోకుండానే దగ్గరికి వెళ్లొచ్చు, కాకపోతే ఎంతకాలం పడుతుందో చెప్పలేం. మార్చి నెలలో, రక్త పరీక్షలయ్యాక, ఎండలు వచ్చాక కూడా వెళ్లాలనే అనిపిస్తే అప్పుడది చలి మీద కోపం కాదు, నిజంగా మీ నిర్ణయం. అప్పుడు వెళ్లండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఆదిలాబాద్ మే నెల కూడా మామూలుగా ఉండదు, 44, 45 డిగ్రీలు. ఆ లెక్క కూడా వేసుకోండి. మీ గంజి చీరలు మాత్రం అప్పుడు బాగా పనికొస్తాయి.

అమ్మగారి ఫొటోల సంగతి చివరికి ఉంచాను. మీకు వాకిలి లేదు, పేడనీళ్లు చల్లే నేల లేదు, వరండాలో పిండి పడితే పక్క ఫ్లాటు వాళ్లు ఊరుకోరు. అమ్మ అంత పెద్ద ముగ్గు వేసి పంపుతుంటే స్టిక్కర్ పెట్టుకున్న మీకు సిగ్గేసింది, అందుకే జవాబు లేదు. ఆవిడ పోటీకి పంపడం లేదు. ఈ నెలలో మీరిద్దరూ కలిసి వాకిట్లో కూర్చునేవారని మీరే రాశారు కదా, ఆవిడ చుక్కలు పెడితే మీరు కలిపేవారని. ఇప్పుడు ఆవిడకి ఆ పక్కమనిషి లేదు.

రెండడుగుల చెక్క పలక ఒకటి తెచ్చి నల్లరంగు వేయించండి. బాల్కనీలో, ఆ ఎండలో పెట్టుకోండి. ముగ్గుపిండి లేకపోతే బియ్యప్పిండి చాలు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. మొదటి రోజే 15 చుక్కల రథం ముగ్గు మొదలుపెట్టకండి. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క. గీత కలపకండి. చుక్కలు మాత్రమే పెట్టి ఫొటో తీసి అమ్మగారికి పంపండి. ఎలా కలపాలో ఆవిడ కాగితం మీద గీసి పంపుతారు.